అన్నయ్య ఇచ్చే మూడు స్టార్లు

కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దస్తమానం నేనడిగే ప్రశ్న ఒక్కటే. "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అద్దం తీసి అద్దం పెట్టి, కుర్చీలో కూర్చున్న మనిషి "ఇదే, ఇదే" అనేదాకా వదలను. అంతటిదాన్ని, ఒక క్రెడిట్ కార్డు ఎంచుకోవడానికి కూర్చుంటే మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

కార్డు నా సరదా కోసం కాదు. మా అన్నయ్యకి కిడ్నీలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి, మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. అది మానేస్తే మనిషి దక్కడని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. వైద్యం ఖర్చు అన్నయ్య పనిచేసిన బస్సు కంపెనీ పెట్టుకుంటోంది. రానూపోనూ కారు ఖర్చు మాత్రం మాది. జీవితమంతా ఊళ్ళో జనాన్ని మోసిన మనిషికి ఇప్పుడు బస్సు మెట్టెక్కే ఓపిక లేదు.

వదిన పోయాక అన్నయ్య నా దగ్గరికొచ్చేశాడు. నాకు పెళ్ళీ పెటాకులూ లేవు కాబట్టి ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు లేరు. నాకున్నదల్లా ఒక్కటే ఆశ. అద్దాలు అరగదీసే మిషను కొనుక్కుని, యజమాని మొహం చూడకుండా సొంతంగా ఒక చిన్న దుకాణం పెట్టుకోవాలని. దానికోసం దాచిన డబ్బు కారు కిరాయిల కింద కరిగిపోవడం అన్నయ్య కనిపెట్టాడు. ఒకరోజు చెప్పులేసుకోకుండా గుమ్మంలో కూర్చుండిపోయాడు.

"నీ మిషను డబ్బు తిని నేను బతకాలా? నేను రాను."

"రాకపోతే చస్తావు."

"చస్తే చస్తాను. కారు ఊరికే వస్తుందంటే చెప్పు, రేపే వస్తా."

మొండిఘటం. చిన్నప్పటినుంచీ అంతే. ఎలా ఏడవాలో తెలియక, "సరే, ఊరికే వచ్చేలా చేస్తా, వస్తావా?" అన్నాను. "మాటంటే మాటే" అన్నాడు. అలా మా అన్నయ్య ప్రాణం ఒక ప్లాస్టిక్ ముక్కకి వేలాడింది.

ఆసుపత్రి వరండాలో కార్డులమ్మే ఆయన ఒకడు ఉండేవాడు. మెడకి టై, మొహానికి చెరగని నవ్వు. రోగుల బంధువుల్ని ఎలా పట్టాలో బాగా తెలిసినవాడు. "మీలా ఇన్నిసార్లు కారెక్కేవాళ్ళకి ఇది లాటరీయే మేడమ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా కాగితాలు రెండూ తీసుకున్నాను.

మొదటి కార్డు ఏ బండి ఎక్కినా పాయింట్లిస్తుంది. టాక్సీ, బస్సు, రైలు, ఏదైనా సరే. కానీ ఇచ్చేది చాలా తక్కువ. రెండోది ఒకే ఒక్క కార్ల యాప్‌తో ముడిపెట్టిన కార్డు. ఆ యాప్‌లో పిలిచిన కారెక్కితేనే పాయింట్లు. అవి ఎంత ధారాళంగా ఇస్తారంటే, మా రాకపోకల ఖర్చు దాదాపు వాటితోనే తీరిపోతుంది. అన్నయ్య నేను దుకాణం నుంచి తెచ్చిన భూతద్దం పెట్టుకుని రెండు కాగితాల్లోని చీమతలకాయంత అక్షరాలూ చదివాడు.

"ఏ బండైనా ఎక్కనిచ్చేదే తీసుకోవే. డిపోలో ఎప్పుడూ ఒక బస్సు ఖాళీగా అట్టే పెట్టేవాళ్ళం. ఒక్కదాన్నే నమ్ముకుంటే అది ఆగిపోయిన రోజు ఏం చేస్తాం?"

"అది విదిల్చే పాయింట్లతో వెళ్ళడానికి వస్తే తిరిగి రావడానికి రాదు. ఊరికే కావాలన్నది నువ్వేగా?"

అన్నయ్య భూతద్దం కింద పెట్టేశాడు. నేను రెండోదే తీసుకున్నాను.

కార్డు నా పేరున. దాన్ని ఒక ఫోను నంబరుకే కలపాలన్నారు. నేను అన్నయ్య నంబరుకి కలిపాను. దానికి కారణముంది. కారు దిగాక డ్రైవరుకి స్టార్లిచ్చేది ఆ ఫోనులోనే. మిగిలిన జీవితంలో అన్నయ్యకి నచ్చిన పని అదొక్కటే.

వెనక సీట్లో కూర్చున్నా అన్నయ్య బండి తోలుతూనే ఉండేవాడు. ముందు మలుపొస్తే కుడికాలు నేలకేసి నొక్కేవాడు, అక్కడ బ్రేకున్నట్టు. అద్దంలోకి చూసేవాడు. గేరు మారిన చప్పుడుకి తలాడించేవాడో, మొహం చిట్లించేవాడో. "కారు మ్యాటుకి చిల్లు పెట్టకు, వాళ్ళు మన దగ్గర వసూలు చేస్తారు" అని నేను ఏడిపించేదాన్ని. ఇల్లు చేరాక ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఉద్యోగంలో కొత్త డ్రైవర్లకి పరీక్ష పెట్టిన రోజుల్లోలా, తీరిగ్గా ఆలోచించి మార్కులు వేసేవాడు.

"మూడు."

"అదేంటన్నయ్యా, అంత బాగా నడిపితే మూడేనా?"

"మూడంటే ఒక్క తప్పూ చెయ్యలేదని. నాలుగు నాకు బస్సు నేర్పిన మేస్త్రికిస్తాను. అదీ ఎండాకాలంలోనే, వానొస్తే ఆయనా కాస్త తడబడేవాడు."

"మరి ఐదు?"

"ఆ డ్రైవరు ఇంకా పుట్టలేదే."

ఆసుపత్రి వీధిలో హారను కొట్టినవాడికి రెండు స్టార్లు కోసేసేవాడు. అందులో మొహమాటం లేదు. బ్రేకు మీద కాలు తడబడితే ఒకటి కోత. వీటిలో ఏదీ చెయ్యని వాళ్ళకే ఆ మూడూ. మూడిచ్చిన రోజు ఎంత సంబరపడేవాడో! "ఇవాళ పిల్ల భలే నడిపింది" అని రెండుసార్లు చెప్పేవాడు. అలా కొన్ని నెలలు నిజంగానే కారు ఊరికే వచ్చింది. నా మిషను డబ్బు కదల్లేదు. అన్నయ్య ఒక్కరోజూ పేచీ పెట్టలేదు. నేను లోలోపల మురిసిపోయాను. ఎంచుకోవడమంటే ఇదీ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత కార్లు ఆలస్యంగా రావడం మొదలైంది.

మొదట్లో గేటు దగ్గరికెళ్ళేసరికి వచ్చి నిలబడే కారు, ఇప్పుడు ఊరి అవతలి కొసనుంచి వస్తున్నట్టు చూపించేది. కొన్నిసార్లు ఏ కారూ దొరకలేదని యాప్ చెప్పేసేది. మళ్ళీ పిలవడం, మళ్ళీ ఎదురుచూడడం. పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి ఫోను నొక్కితే నిమిషంలో కారొచ్చేది, అదే యాప్‌లో! నేను నోరెళ్ళబెట్టుకుని చూసేదాన్ని.

ఆసుపత్రిలో మిషన్లు తక్కువ, మనుషులెక్కువ. ఆలస్యంగా వెళితే మిషను మీద ఉండే సమయం అంతకంత కోసేస్తారు. "ఏం చెయ్యమంటారక్కా, తర్వాతాయన బయట కూర్చునున్నాడు" అని నర్సు నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లని అని ఏం లాభం? కోత పడిన ప్రతిసారీ అన్నయ్య కాళ్ళు ఇంకాస్త వాచేవి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు. కళ్ళెదుటే మనిషి మునిగిపోతున్నాడు, నేను గేటు దగ్గర నిలబడి ఫోనులో గిరగిరా తిరిగే గుండ్రటి గుర్తు చూస్తున్నాను.

అసలు సంగతి నేను పనిచేసే దుకాణంలోనే బయటపడింది. అద్దాలు మార్పించుకోవడానికి ఒక డ్రైవరమ్మ వచ్చింది. ఫ్రేము పెట్టి "ఇప్పుడు బాగుందా?" అనగానే నా మొహం స్పష్టంగా కనిపించినట్టుంది.

"మిమ్మల్ని ఎక్కించుకున్నాను కదా! మీ అన్నయ్యగారు, కాలు నొక్కుతూ ఉంటారు, ఆయన బాగున్నారా?"

గుర్తుపట్టాను. ఇవాళ పిల్ల భలే నడిపింది అన్నది ఈమె గురించే.

"బాగాలేదమ్మా. కార్లు దొరకడంలేదు. మీరెవరూ మావైపు రావడం మానేశారేం?"

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆయన నాకు మూడిచ్చారండి. మూడు గానీ, అంతకంటే తక్కువ గానీ ఇస్తే మళ్ళీ ఆ మనిషి పిలుపు మాకు రాదు. కంపెనీ వాళ్ళే ఆపేస్తారు, గొడవలెందుకని. నేనేం తప్పు చేశానో తెలియక రెండ్రోజులు అన్నం సహించలేదు. ఆ నెల బోనసు కూడా పోయింది."

నా చేతిలో అద్దం కింద పడింది. పగల్లేదు కానీ నేనే పగిలిపోయాను. అన్నయ్య ఒక్కొక్కరినే మెచ్చుకుంటూ, ఊళ్ళో ఉన్న డ్రైవర్లందరినీ తన గుమ్మానికి రాకుండా చేసుకున్నాడు.

కార్డు కంపెనీకి ఫోను చేశాను. నంబరు మార్చండి, నా ఫోనుకి కలపండి, మీ కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఏడాది తిరిగితేగానీ కుదరదని అవతలి గొంతు చాలా మర్యాదగా చెప్పింది. ఏడాది తిరిగేదాకా ఇక్కడ ఎవరుంటారు?

మర్నాడు వీధి చివర టాక్సీని పిలిచి, మిషను డబ్బులోంచి ముందే కిరాయిచ్చేసి, "యాప్ కారే అన్నయ్యా, పాయింట్లతో వచ్చింది" అన్నాను. అన్నయ్య ఎక్కాడు. సమయానికే చేరాం. మిషను మీద పూర్తిగా ఉన్నాడు. మూడోసారి అలా ఎక్కినప్పుడు నావైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళు బస్సు అద్దంలో టిక్కెట్టు లేనివాళ్ళ మొహాలు చూశాను. నీ మొహం అలాగుంది."

అబద్ధమాడడానికి నోరు రాలేదు. అంతా చెప్పేశాను. మూడిస్తే వాళ్ళు మళ్ళీ రారని, డ్రైవరమ్మ చెప్పిందని. చెప్పకుండా ఉండాల్సింది బోనసు సంగతి. అదీ జారిపోయింది.

చాలాసేపు కిటికీలోంచి చూశాడు. "మంచివాళ్ళనీ చెత్తవాళ్ళనీ ఒకే గాటన కట్టేశానన్నమాట."

"నీకేం తెలుసు? నీ లెక్క వేరు, వాళ్ళ లెక్క వేరు."

"ఆవిడ బాగా నడిపిందే" అన్నాడు. "ఆవిడది ఒక్క తప్పు లేదే."

తన ప్రాణం మీదికొచ్చినందుకు కాదు, ఆ మాటకి అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక టాక్సీ ఎక్కనని ఆ సాయంత్రమే తేల్చి చెప్పాడు. యాప్ కారొస్తే వస్తాను, రాకపోతే లేదు, మాటంటే మాటే. తిట్టాను. బతిమాలాను. పళ్ళెం విసిరికొట్టాను. తను వంగలేడు కాబట్టి ముక్కలు నేనే ఏరుకున్నాను.

తర్వాతి వంతు రోజున ఎంతో సేపటికి యాప్ కారొకటి దొరికింది. డ్రైవరు కొత్తవాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఇంట్లో ఎవరితోనో పోట్లాడుతూ, ప్రతి కూడలిలో మమ్మల్ని ముందు సీటుకి గుద్దించాడు. ఎర్రలైటు కూడా దాటేశాడు. నేను అన్నయ్య పాదం వైపు చూశాను. నొక్కడంలేదు. ఒక మలుపులో లారీ దాదాపు మీదికొచ్చేసింది, నేను కెవ్వుమన్నాను. ఆ వాచిన కాలు పరాయివాళ్ళ సామానులా అలాగే పడి ఉంది.

ఆసుపత్రిలో సగం సమయమే దొరికింది. వాడే బయట కాచుకుని మమ్మల్ని తిరిగి తీసుకొచ్చాడు, అంతే ఘనంగా. ఇంటికొచ్చాక అన్నయ్య ఫోను నా చేతికిచ్చాడు. స్టార్లు వెయ్యడానికి అంతకుముందెప్పుడూ ఇవ్వలేదు.

"ఐదు కొట్టు."

"వీడికా? చంపేసేవాడు మనల్ని! ఒకటివ్వు. తిట్టు. వాడి బ్రేకు గురించి ఏదో ఒకటి అను అన్నయ్యా."

"ఎవరికైనా అంతేగా. పాపం, వాడికెందుకు నష్టం." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఐదు కొట్టాను. ఆ రాత్రి వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

మళ్ళీ వంతు వచ్చింది. గుమ్మంలో నిలబడి ఫోను నొక్కాను. మొదటి రోజుల్లోలా, నొక్కీ నొక్కగానే కారు వచ్చి గేటు ముందు ఆగింది. మొన్నటివాడే. కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. "పెద్దాయన ఐదిచ్చారండి! నాకింతవరకూ ఎవరూ ఇవ్వలేదు. మీ పేరు చూడగానే పరుగెత్తుకొచ్చా."

లోపలికి పరుగెత్తాను. "అన్నయ్యా, కారొచ్చింది! పాయింట్లతోనే, నీ మీదొట్టు. ఊరికే వచ్చింది, లే!"

చెప్పులు మంచం కింద వరసగా పెట్టి ఉన్నాయి. అన్నయ్య కదల్లేదు. భుజం పట్టుకుని కుదిపాను. నా చేతి మీద చెయ్యి వేశాడు, అంతే. ఊపిరి బరువుగా వస్తోంది.

"పంపించెయ్యవే. ఇంక చాలు."

"కారు ఊరికే వస్తే వస్తానన్నావు. మాటంటే మాటన్నావు!"

ఆ చెయ్యి వదిలి బయటికి వెళ్ళడం నా వల్ల కాలేదు. మంచం పక్కన నేలమీద కూలబడ్డాను.

బయట వాడు హారను కొట్టాడు. ఒకసారి, తర్వాత ఇంకోసారి, గట్టిగా, ఆపకుండా. నేను అన్నయ్య మొహంలోకి చూస్తూ కూర్చున్నాను, కనుబొమైనా ముడిపడుతుందేమోనని. ఎప్పటికీ ముడిపడలేదు.