కోరా ముఖం

గాలి ఆడదు.

కిటికీలన్నీ మూసే ఉంటాయి. గాలి తగిలితే నూలు తెగుతుంది. మనుషులు ఉడికిపోయినా ఫరవాలేదు, పోగు తెగకూడదు. సూరత్ బమ్రోలి మగ్గాల షెడ్డులో అదే న్యాయం.

దడ... దడ... దడ...

నూలు దుమ్ము తేలుతూ ఉంటుంది. కనుబొమల మీద వాలుతుంది, మీసం మీద వాలుతుంది. ముప్పై ఏళ్ళ సోమలింగం మధ్యాహ్నానికల్లా ముసలివాడైపోతాడు. ఆ దుమ్ము ముఖంతోనే డైలాగులు చెప్పుకుంటాడు — గట్టిగా, గొంతు చించుకుని. ఆ మోతలో ఎవరికీ వినబడదు.

అతను నటుడు.

ఊళ్ళో గోడాదరా పేటలో ఉండే తెలుగు పద్మశాలీలంతా ఒప్పుకునే మాటే అది. ఏటా మార్కండేయ జయంతికి వేసే నాటకంలో యముడి వేషం అతనిదే. నల్లరంగు, ఎర్రకళ్ళు, అట్ట కిరీటం. అతను ఒక్క నవ్వు నవ్వితే చాలు, ముందు వరుస పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు.

ఏడాదికి ఒక్కసారే యముడు.

మిగతా ఏడాదంతా మగ్గం.

టీవీలో సీరియళ్ళు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి బొంబాయి. అక్కడ రోజూ ఎవరికో ఒక యముడు కావాలి, ఒక మునీశ్వరుడు కావాలి. కానీ సూరత్‌లో ఒక సోమలింగం ఉన్నాడని వాళ్ళకు తెలిసేదెట్లా?

ఫోటోలు తీయించాడు. వేషానికొకటి. యముడు, రాక్షసుడు, గడ్డపు ముని, చీర కట్టిన మంత్రసాని... ప్రతి ఫోటో వెనకా తన పేరు, వీధి చివరి ఎస్టీడీ బూత్ నంబరు. చీరల దుకాణాల్లో పంచాడు. క్యాసెట్ల షాపులో పంచాడు. బొంబాయి బస్సుల డ్రైవర్ల చేతుల్లో పెట్టాడు.

షిఫ్టు దిగగానే బూత్ దగ్గరికి.

"ఫోన్ ఆయా?"

"నహీ ఆయా."

మరునాడు మళ్ళీ. ఆ మరునాడూ మళ్ళీ. తింటుంటే అదే ధ్యాస. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

పక్క మగ్గం నడిపే బ్రహ్మచారి అనేవాడు చాయ్ బండి దగ్గర ఆటపట్టించేవాడు. "ఏం యమధర్మరాజా, ఎవని పానం తియ్యాలెనో ఫోన్ల చెప్తరా ఏంది నీకు?"

"నవ్వురా, నవ్వు. టీవీల కనవడ్డనాడు నువ్వే చెప్పుకుంట తిరుగుతవు, మావోడే అని."

ఒకరోజు ఫోన్ వచ్చింది. బూత్ కుర్రాడు సైకిలేసుకుని షెడ్డుకే వచ్చి చెప్పాడు.

చేసింది చీరల దుకాణం సేఠ్. సీరియల్ కోసం మనుషులను ఏరే బొంబాయి ఆయన వచ్చాడట. స్టేషన్ దగ్గర హోటల్లో దిగాడట. రేపు సాయంత్రం బండికి వెళ్ళిపోతాడట.

సోమలింగం మగ్గం ఆపేసి హోటల్‌కు పరుగెత్తాడు.

బొంబాయి ఆయన సేఠ్ ఇచ్చిన ఫోటోలు బల్ల మీద పరిచాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. తల ఎత్తి హిందీలో అడిగాడు — "బాగున్నాయి. వీళ్ళలో నువ్వెవరు?"

"అన్నీ నేనే సాబ్!"

"రంగు మా దగ్గర ఉంది భాయ్. నువ్వు ముఖం తీసుకురా. సాదా ముఖం. రేపు మధ్యాహ్నం లోపల."

ఇల్లు చేరేసరికి భార్య భాగ్యలక్ష్మి చీర అంచుకు పూసలు కుడుతోంది.

"సాదా ముఖం కావాల్నట! సాదా ముఖానికి ఎవడిస్తడే వేషం? పనితనం అంత రంగులనే ఉంటది గద!"

ఆమె తల ఎత్తలేదు. "నువ్వు నేసేదేంది?"

"గుడ్డ."

"ఏం గుడ్డ?"

"కోరా గుడ్డ."

"మరి ముందుగాల్నే రంగేసి ఎందుకిస్తలేవు? కొన్నోడు తనకు నచ్చిన రంగు ఏస్కుంటడు. నువ్వే నల్లగ చేసిస్తే వాడేం చేస్కోవాలె?"

సోమలింగం లేచి ట్రంకుపెట్టె తెరిచాడు.

ఇల్లంతా వెదికాడు. తన ముఖం ఎక్కడా లేదు. పెళ్ళి ఫోటోలో కూడా బాసింగం అడ్డం.

తెల్లారింది. ఇవాళ కూడా రాకపోతే ఆ మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తానని షెడ్డు యజమాని కబురు పంపాడు. అతను విన్నాడు. విని, భార్యతో కలిసి ఫోటో స్టూడియోకే నడిచాడు.

ఫోటోలు తీసే కాంతిభాయ్ దీపాలు వెలిగించాడు. "హిలో మత్, భాయ్," కదలొద్దన్నాడు.

వెలుగు పడగానే కనుబొమ ఎగిరింది — యముడొచ్చాడు. ఇంకోసారి. కళ్ళు అరమూతలు పడ్డాయి — ముని వచ్చాడు. ఇంకోసారి. మంత్రసాని వచ్చింది.

సోమలింగం మాత్రం రాలేదు.

"జర ఊకె కూసోరాదు!" అంది భాగ్యలక్ష్మి.

"ఎట్ల కూసోవాలె ఊకె? నాకు చేతనైతలేదే."

చెమట పట్టింది. భయం పట్టింది. ఇన్నేళ్ళూ రంగు కింద ఎవరూ లేకపోతే?...

భాగ్యలక్ష్మి గబుక్కున కెమెరా పక్కకు వచ్చి అరిచింది.

"అగో, పోగు తెగింది సూడు!"

అతను చూశాడు.

చూపు సన్నబడింది. ఊపిరి నిలిచింది. యముడు లేడు. ముని లేడు. తెగిన కొస కోసం వెదికే కళ్ళు, అంతే.

క్లిక్.

తడి ఆరని ఫోటోను సోమలింగం చాలాసేపు పట్టుకున్నాడు. "ఎవడే వీడు?"

"రోజు నా ఇంట్ల ఉండేటోడే," అందామె. "మంచోడే గని, నిలకడ లేదు."

హోటల్ మూడో అంతస్తు. బొంబాయి ఆయన ఫోటో చూశాడు. ముఖం చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు.

బాగుందనలేదు. బాగా లేదనీ అనలేదు. బల్ల మీద పెట్టాడు. అక్కడ అప్పటికే ఎన్నో ముఖాలు... అన్నీ సాదావే.

కిటికీ బార్లా తెరిచి ఉంది. తాపీ నది మీంచి గాలి వచ్చింది.

ఫోటోలు లేచాయి. ఆయన అరచేయి వేసి నొక్కాడు. కొన్ని చేతి కింద ఆగాయి. కొన్ని ఎగిరి నేల మీద బోర్లా పడ్డాయి.

తనది ఏది?

సోమలింగం చూస్తున్నాడు. చూపు సన్నబడింది. ఊపిరి నిలిచింది...

గాలి ఆడుతూనే ఉంది.