గొట్టం లేని పది నిమిషాలు

పాలు గోరువెచ్చగా ఉండాలి. సిరంజీని బిడ్డ తలకంటే కాస్త ఎత్తులో పట్టుకోవాలి, తోయకూడదు, పాలు వాటంతటవే దిగాలి. మూడు గంటలకోసారి ఇదే పని, ప్రతిసారీ ఇరవై నిమిషాలు. సరిగ్గా అప్పుడే మా అత్తగారికి మాత్ర గుర్తొస్తుంది, మా ఆయనకి చొక్కా గుర్తొస్తుంది. "ఇంట్లో ఊరికే కూర్చునేదానివేగా, ఈ పరిచర్య చేస్తే ఏం పోయింది?" అంటారాయన. ఆయన పాస్టరు. ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో పెళ్లయిన పద్నాలుగేళ్లలో నాకైతే తెలియదు.

బిడ్డ మాది కాదు, మార్కెట్టు ఊడ్చే అమ్మాయి కూతురు. ఐదు నెలలది. గుండెలో రంధ్రం, పాలు చప్పరించే ఓపిక లేదు, అందుకని ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. ఐదు కిలోలు తూగితేగానీ ఆపరేషన్ చేయలేమన్నారు డాక్టర్లు. వాళ్ల రేకుల గదిలో కరెంటే నిలవదు, ఇక పాలెక్కడ దాచుకుంటుంది? "ఇకనుంచి ఈ బిడ్డకు సంఘమే తల్లి" అని మా ఆయన ఆదివారం ప్రసంగంలో ప్రకటించారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. అబద్ధమెందుకు, నేనూ తుడుచుకున్నాను.

బిడ్డ మా ఇంటికి చేరింది. పన్నెండు మంది సహోదరీల పేర్లతో వంతుల పట్టిక గోడకెక్కింది. రెండు వారాలు బాగానే వచ్చారు. తరువాత ఒకావిడకి నడుంనొప్పి, ఒకావిడకి చుట్టాలు, ఇంకొకావిడకి గొట్టం చూస్తే కళ్లు తిరుగుతాయట. తొమ్మిదో వారానికి పట్టికలో పేర్లు వాళ్లవి, చాకిరీ నాది. ఆ అమ్మాయి ఒక్కతే రోజూ పని కాగానే వచ్చి, మోచేతులదాకా చేతులు కడుక్కుని, బిడ్డని అందుకునేది. నర్సు నాకు నేర్పినవన్నీ తనకి నేర్పాను. నాకంటే నిదానంగా చేసేది. మొన్న తూచినప్పుడు ఇంకో రెండు వందల గ్రాములే తక్కువని ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

ఆ వారం ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన. నేను వెనక గదిలో పాలు వెచ్చబెడుతుంటే ఆయన వచ్చి బిడ్డని ఎత్తుకెళ్లారు. నేను గుమ్మం దాకా వచ్చి చూసేసరికి వేదిక మీద బిడ్డ ముఖాన గొట్టం లేదు. ప్లాస్టర్ అంటించిన చోట ఎర్రటి చార ఉంది. "చూశారా, మన బిడ్డ ఎంత చక్కగా ఉందో" అంటున్నారాయన మైకులో. హాలంతా హల్లెలూయా అంది. ముందు వరసలో ఒక పెద్దావిడ ఉంది, చీమకైనా హాని తలపెట్టని మనిషి. స్వస్థత జరిగిపోయిందనుకుని, ఏడుస్తూ లేచి, తన మనవరాలి పాలసీసా బిడ్డ నోట్లో పెట్టేసింది. నేను కుర్చీలు తోసుకుంటూ వెళ్లేసరికి బిడ్డ పెదాలు నీలంగా మారాయి.

ఆసుపత్రికి వెళ్తూ కారులో బిడ్డ వీపు నిమురుతూ అడిగాను, ఎందుకు తీశారని. "ఫోటోల్లో బాగుండదని. పది నిమిషాలేగా, మళ్లీ నువ్వు పెడతావనుకున్నా" అన్నారు. కళ్లజోడు తీసి పక్కన పెట్టినంత మామూలుగా అన్నారు.

ఊపిరితిత్తుల్లోకి పాలు వెళ్లాయన్నారు. ఆక్సిజన్ పెట్టారు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. కబురందుకుని ఆ అమ్మాయి పని బట్టలతోనే పరిగెత్తుకొచ్చి, అద్దం తలుపుకి అంటుకుపోయి నిలబడింది. ఇంతలో లేడీ డాక్టరు కాగితాలు పట్టుకుని బయటికొచ్చింది. గొట్టం ఎవరు తీశారని అడిగింది.

"పాలూ గొట్టం అన్నీ మా ఆవిడేనండీ" అన్నారు మా ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. "మొదటినుంచీ బిడ్డ పనంతా తనదే."

తొమ్మిది వారాల్లో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన సిగ్గుపడలేదు. పైగా నా మోచెయ్యి నొక్కి, సంఘం పరువు, ఇంటికెళ్లాక మాట్లాడుకుందామని గొణిగారు. ఆ అమ్మాయి తలుపు దగ్గర్నుంచి నావైపు తిరిగింది. తిట్టలేదు, ఏడవలేదు. నేనేం చెబుతానా అని చూస్తోంది.

మోచెయ్యి విడిపించుకున్నాను.

"పనంతా నాదే డాక్టరుగారూ. గొట్టం తీసింది మాత్రం మా ఆయన, ఫోటో కోసం. అలాగే రాయండి, కింద నేను సంతకం పెడతాను."