ఈవిడని అడగాలి

తండ్రి ముక్కు మీద కళ్లజోడు సరిచేసి, అన్న రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు, దాన్ని తానే కనిపెట్టినంత గర్వంగా.

“చెప్పు నాన్నా, నేనెవర్ని?”

పెద్దాయన కొడుకు మొహంలోకి చూశాడు. కుడి అద్దం మూల సన్నటి పచ్చ అక్షరాలు వెలిగాయి. “పెద్ద కొడుకువి,” అన్నాడు తడుముకోకుండా. పక్కకి తిరిగి, “నువ్వు కోడలివి.” వదిన చప్పట్లు కొట్టింది. ‘మరి నేనో?’ అని కూతురు అడగబోయేలోపు వంటింట్లో పాలు పొంగాయి.

ఆమెకీ సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. ఆ కళ్లజోడు చాలా పనులు చేస్తుంది. మాత్రల అట్ట ఎదురుగా పెడితే ఏది పొద్దుటిదో ఏది సాయంత్రానిదో చెవిలో చెబుతుంది. బాత్‌రూమ్‌కి దారి బాణం గుర్తుతో చూపిస్తుంది. స్టవ్ వెలిగించి మరిచిపోతే హెచ్చరిస్తుంది. ఆ మరుపు వల్లే ఒకసారి వంటిల్లు సగం కాలింది. ఆ మర్నాడే ఆమె చంటిపిల్లల బడిలో టీచరు ఉద్యోగం మానేసింది. నాలుగేళ్లుగా ఇంటిపట్టునే ఉంది. అన్న ఉండేది అరగంట దూరంలో. ఎప్పుడో ఒక ఆదివారం వస్తాడు, ఒక సలహా పారేసి చేతులు దులుపుకుని వెళతాడు. ఈసారి సలహాకి బదులు కళ్లజోడు తెచ్చాడు. అందరి ఫోటోలూ ఎక్కించి, ఎవరి మొహం కింద ఏం కనబడాలో తనే రాశాడు.

మర్నాడు పొద్దున ఆమె నీళ్లగ్లాసు అందిస్తే తండ్రి కుర్చీలోంచి లేవబోయాడు.

“అక్కడ పెట్టండమ్మా. మీకు శ్రమ ఇస్తున్నాను.”

మీకు! నలభై మూడేళ్లలో ఆ నోట వినని మాట. ‘ఒసేయ్’ అన్నాడు, ‘గాడిదా’ అన్నాడు, ముద్దొస్తే ‘తల్లీ’ అన్నాడు. మీరు అన్నది మాత్రం ఎప్పుడూ లేదు.

ఆయన కునుకు తీస్తున్నప్పుడు కళ్లజోడు మెల్లగా తీసి, తను పెట్టుకుని వాష్‌బేసిన్ అద్దం ముందు నిలబడింది. చెదిరిన జుట్టు, నిద్ర చాలని కళ్లు, వాటి కింద పచ్చ అక్షరాలు. *మందులు, భోజనం: ఈవిడని అడగాలి.*

వెంటనే అన్నకి ఫోన్ చేసింది.

“నా కింద ఏం రాశావు అన్నయ్యా?”

“ఉపయోగపడేదే రాశాను. ఆకలేస్తే ఎవర్ని అడగాలో ఆయనకి తెలియొద్దూ?”

“నీ కింద మాత్రం పెద్ద కొడుకని రాసుకున్నావు. నీతో ఏం పనో రాసుకోలేదే?”

“అబ్బ, దానికింత రాద్ధాంతమా? ఆదివారం వచ్చి మారుస్తాలే.”

‘రాయడానికి నువ్వు చేసే పనంటూ ఉంటేగా’ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చిన్నప్పుడైతే అనేసేది. ఏదీ కడుపులో దాచుకోలేదనే తండ్రి ఆమెకి ‘బుక్‌పోస్టు’ అని పేరు పెట్టాడు, అంటించని కవరులా ఎవరైనా తెరిచి చూసుకోవచ్చని. ఆయన ముప్పై అయిదేళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. కవరు మీద ఏ ఊరు రాసుంటే ఆ గూట్లో పడేయడమే, మారు ఆలోచన లేదు. మతిమరుపు ముదిరాక కూడా వారానికో పదిరోజులకో ఒకసారి ఆమె మొహాన్ని చాలాసేపు వెతికి వెతికి, “బుక్‌పోస్టూ!” అనేవాడు. ఆ ఒక్క పిలుపుతో ఆమె మిగతా రోజులు నెట్టుకొచ్చేది. ఇప్పుడాయన వెతకడం మానేశాడు. చదువుకుంటే సరిపోతోంది.

కళ్లజోడు దాచేసి చూసింది. గంట గడవకముందే ఆయన బాత్‌రూమ్ ఎటో తెలియక గోడ పట్టుకుని ఏడ్చాడు. మళ్లీ తెచ్చి పెట్టక తప్పలేదు.

అన్నకి తీరిక చిక్కడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తండ్రి ఎంత మర్యాదగా ఉన్నాడో చెప్పలేం. కూతురు స్నానం చేయిస్తానంటే గొడవ చేసేవాడు కాస్తా ఈ పరాయి ఆవిడ చెప్పగానే బుద్ధిగా లేచి వెళ్లేవాడు. మాత్ర ఇస్తే నమస్కారం పెట్టేవాడు.

“నాకో కూతురుందమ్మా,” అన్నాడొకరోజు. “బుక్‌పోస్టు అనేవాణ్ణి. ఒక్కనాడూ వచ్చి చూసింది లేదు.”

“నేనే నాన్నా! నేనే నీ బుక్‌పోస్టుని.”

ఆయన ఆమె మొహం వంక, ఆపైన అద్దం మూలకి చూశాడు. చదువుకుని నవ్వాడు. “అలా అనడం మీ మంచితనం.”

చివరికి అన్న వచ్చి, ఆమె మొహం కింద ‘కూతురు’ అని రాశాడు. “నీ ఫోన్‌లో కూడా పెట్టాను. ఇక నీ ఇష్టమొచ్చింది రాసుకో,” అన్నాడు.

ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది, బళ్లో తన పేరు పిలుస్తారని ఎదురుచూసే పిల్లలా. తండ్రి చదివాడు. మొహం నల్లబడింది.

“ఇన్నాళ్లకి తీరిక దొరికిందా తల్లీ? మీ అన్నని చూసి నేర్చుకో. వాడు వస్తూనే ఉన్నాడు.”

ఆ మాటకి అన్న నోరు విప్పాల్సింది. గడియారం చూసుకున్నాడు. ట్రాఫిక్ పెరుగుతుందంటూ లేచాడు.

ఆ సాయంత్రం ఆమె మాత్ర ఇస్తే తండ్రి చెయ్యి నెట్టేశాడు. “నువ్వివ్వడమేంటి? ఆవిడేది? ఆవిడొస్తేనే వేసుకుంటా.” మర్నాడూ అంతే. మూడో రోజుకి కాళ్లు వాచాయి, ఆయాసం మొదలైంది. ఒక్కపూట కూడా ఆపకూడని గుండె మాత్ర అని డాక్టరు ఫోన్‌లో చీవాట్లు పెట్టాడు. అన్నకి చేస్తే, “కాస్త నచ్చజెప్పు,” అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి ఫోన్ తెరిచింది. ‘కూతురు’ అన్న మాట కొట్టేసింది. నాలుగక్షరాలు కూడా లేని మాట. పాత వాక్యాన్ని తన చేత్తోనే, ఒక్క తప్పూ లేకుండా రాసింది. మొహం కడుక్కుని, నీళ్లు, మాత్ర పట్టుకుని లోపలికి వెళ్లింది.

“వచ్చారా అమ్మా!” పెద్దాయన కళ్లు మెరిశాయి. ఆయాసపడుతూనే మంచం మీద జరిగి చోటిచ్చాడు. “మా అమ్మాయి వచ్చింది, చూశారా? ఇన్నాళ్లకి వస్తే కోపంలో ఏదో అనేశాను. వెళ్లిపోయినట్టుంది. మళ్లీ వస్తుందంటారా?”

ఆమె మాత్ర ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

“వస్తారండీ,” అంది. “ముందు ఇది వేసుకోండి.”