రాణిగారు గడప దాటిన వేళ

మేం తయారుచేసే మధ్యయుగాల యుద్ధాల కంప్యూటర్ ఆటలో రాజు గుండెల్లో బాణం దిగినా ఒక రాత్రి నిద్రపోతే లేచి కూర్చుంటాడు. తల తెగితేనే పోతాడు. గుర్రాలకు గడ్డి అక్కర్లేదు. ఏనుగులు పడవెక్కి నది దాటుతాయి. ఇవేవీ చరిత్రలో ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. రాణి కూడా కత్తి పడుతుందని నేనన్న రోజున మాత్రం మా బావకు చరిత్ర పూనింది.

"చరిత్రను మార్చకూడదు మరదలా," అన్నాడు. కంపెనీ ఆయనది, ఆట నియమాలు రాసేది నేను.

"సైన్యాన్ని నడిపిన రాణులున్నారు బావా. కోటలు కాపాడినవాళ్లున్నారు."

"ఎక్కడో ఒకరిద్దరు. వాళ్లకోసం ఆటంతా మారుస్తామా?"

పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన వాటి మీద టీ కప్పు పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా చెప్పినట్టే రాశాను: ఏలేది రాజైనా రాణైనా, ఆ మనిషి పోతే రాజ్యం పోయినట్టే; రాణి మాత్రం యుద్ధానికి వెళ్లకూడదు.

విడుదలకు ముందు ప్రతి ఆటనూ మా అక్క చేత ఆడించడం మా ఆనవాయితీ. ఆమె విసుక్కుంటే ఆటలో లోపమున్నట్టు. ఈసారి అక్క రాణిని ఎంచుకుంది, బావ రాజును. రాజు ముందుంటే సైన్యం బలం రెట్టింపవుతుందని నియమం పెట్టించింది కూడా ఆయనే కాబట్టి, మీసం మెలేసి ప్రతి యుద్ధానికీ తానే బయల్దేరాడు. అక్క రాణిని అంతఃపురంలో కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరుగా సేనాపతులను పంపింది. రాజు తల తెగింది. మళ్లీ ఆడారు, మళ్లీ తెగింది. అక్క ఒక చేత్తో బటానీలు ఒలుస్తూనే గెలిచింది.

"ఇదేం అన్యాయం! నీ రాణి బయటికే రాదు, దాన్ని చంపేదెలా?" అని అరిచాడు బావ.

"గడప దాటొద్దన్నది మీరే కదండీ," అంది అక్క.

తాను తీసిన గోతిలో తానే పడ్డ మనిషిని అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి. కడుపు నిండిపోయింది.

మర్నాడు ఆఫీసులో నా పుస్తకాలు బావ ముందు తెరిచి ఉన్నాయి. టీ కప్పు కిటికీ గట్టెక్కింది.

"పాపం, ఆడవాళ్లు ఎన్ని యుద్ధాలు చేశారో! రాణిని వెంటనే యుద్ధానికి పంపించు. చచ్చే అవకాశం మాత్రం రాజుకంటే రెట్టింపు పెట్టు. ఆడమనిషి కదా."

"రాజుకెంతో రాణికీ అంతే. లేదంటే అంతఃపురంలోనే ఉంచుతాను, అక్క గెలుస్తూనే ఉంటుంది."

ఆయన కాసేపు నసిగి ఒప్పుకున్నాడు. నా రాణి గుర్రమెక్కింది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

ఈ మార్పుతో విడుదల వెనక్కి పోయింది. పెట్టుబడి పెట్టినవాళ్లు మండిపడుతూ ఆఫీసుకు వచ్చారు. ఇన్నాళ్లూ వాళ్ల ముందు కూర్చుని మాట్లాడింది బావే, నాది గోడ పక్క కుర్చీ. ఆ రోజు ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఈసారి నువ్వే ముందు కూర్చో మరదలా. నీ రాణి, నీ నియమం. నేను వెనకుంటాను."

రాణులకు ఎప్పుడు కబురొస్తుందో నా పుస్తకాలేవీ ఇంత బాగా చెప్పలేదు.

"సరే బావా. కానీ గెలిస్తే ఆ కుర్చీలోంచి లేవను."

ఆయన పగలబడి నవ్వాడు. నేను లోపలికి వెళ్లి, ఆయన కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నాను.