ఇరవై ప్రశ్నలకు ఒకే జవాబు

రెండువేల ఇరవై ఒకటి వేసవి. రాయపూర్ రైల్వే కాలనీలోని ఆ క్వార్టరులో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను. అది సూరిబాబుది. గూడ్సు వ్యాగన్ల చక్రాలను సుత్తితో కొట్టి, చప్పుడు విని, పగులు లేదని తేలాకే ఫిట్ అని రాయడం అతని ఉద్యోగం. డ్యూటీకి పోతూ ఫోనును కూతురు భాగ్యశ్రీకి అప్పగిస్తాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి డిగ్రీ రెండో ఏడు పాఠాలు వింటుంది. ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఉండే ఉంటుంది.

ఒక సెలవునాడు కాలేజీ నుంచి ఫోనుకు ఒక ఫారం వచ్చింది. ఆన్‌లైన్ చదువులో పిల్లల ఒత్తిడి ఎంతో కొలుస్తారట. నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా, పుస్తకం తెరిస్తే గుండె దడ పుడుతోందా, ఇలా ఇరవై ప్రశ్నలు. భాగ్యశ్రీ స్నానానికి వెళ్లింది. ఒత్తిడి ఉందంటే పిల్ల పేరు పాడవుతుందని సూరిబాబు భయం. ఇరవైటికీ తానే 'కభీ నహీ', అంటే ఎప్పుడూ లేదని నొక్కి పంపేశాడు. మంచిపనే చేశాననుకున్నాడు పాపం.

వారానికి కాలేజీ నుంచి జవాబొచ్చింది. అన్నాల దగ్గర భార్య అప్పలనరసమ్మకు చదివి వినిపించాడు. "సూసినావేటే, మన పిల్లకి టెన్షనే లేదంట. కౌన్సెలింగ్ మేడమ్‌తో మాట్లాడే పనే లేదంట."

భాగ్యశ్రీ ముద్ద కంచంలోనే వదిలేసింది.

"ఆ ఫారం ఎప్పుడొస్తాదా అని ఇంతజార్ చేస్తన్నాను నానా. టెన్షనున్నోళ్లకి మేడమే ఫోన్ చేస్తానన్నారు. నెల్రోజులై నాకు నిద్ర లేదు. పాఠం ఒక్క ముక్క సమజ్ అవట్లేదు. చదువు మానేద్దామనుకున్నాను. నన్నడక్కుండా ఎలా నింపేసినావు?"

తల్లికి కళ్లనీళ్లు తిరిగాయి. సూరిబాబు చెయ్యి కడుక్కుని, మేడమ్‌కు ఫోన్ చేసి హిందీలో చెప్పాడు. "ఆ ఫారం నింపింది నేను. అందులో ఉన్నదంతా అబద్ధం. మా అమ్మాయి చెప్పేది వినండి."

ఫోను కూతురి చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చున్నాడు. లోపల పిల్ల ఏడుస్తూ మాట్లాడుతోంది. అప్పలనరసమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇరవై ఏడేళ్ల సర్వీసులో సవుండు ఇనకండా ఒక్క చక్రానికీ ఫిట్టని రాయలేదే. కన్నకూతురికి రాసేసినాను," అన్నాడు.

అయ్యా, అమ్మా, పిల్లల బాధ ఎంతో తెలియాలంటే ముందు వాళ్లనే అడగాలి, అడిగాక ఆగి వినాలి.