చచ్చిన నేల అని రాసిన కాగితం

గోదావరి పొంగి తర్లగూడ రోడ్డు మునిగిన మరుసటి ఏడు. ఎండాకాలం చివర పట్వారీ గ్రామసభలో కాగితం చదివాడు. మా ముప్పై ఇళ్ల చేలూ బంజరట. మట్టి చచ్చిపోయిందట. గనిలో తవ్విన రాళ్లూ మట్టీ పోసుకోవడానికి వాటిని కాంట్రాక్టర్ దేవేంద్రకు ఇస్తారట.

ముయె లేచింది. మొగుడు లేని మనిషి. ఆ చేను తప్ప ఇంకేమీ లేదు.

"నిరుడు కొర్రలు ఏడ పండినయి సాబ్? నీ కాగితంల పండినయా?"

"చుప్ బైఠో" అని కూర్చోబెట్టాడు పట్వారీ. రెండు నెలలకు పెద్ద సాహెబు విచారణకు వస్తాడని, చెప్పుకునేది అప్పుడు చెప్పుకోమని సంచి సర్దుకున్నాడు.

వారానికి ఒక జీపు వచ్చింది. దిగింది మీనా. బచేలి గని కాలనీలో పుట్టిన ఆంధ్రా పిల్ల. మట్టిలో కంటికి కనబడని జీవాల మీద జగదల్‌పూర్‌లో చదువుకుందట. చేతిలో మట్టి సంచులు. మా గుట్ట గని కిందికి పోయింది కూడా అలాగే. ముందు సంచులు, తరవాత తెల్ల గుడ్డ కట్టిన కర్రలు, ఆ వెనక పోలీసు క్యాంపు. జీపుకు అడ్డం నిలబడ్డవాణ్ని నేనే.

"ఎవలు పంపిండ్రు బిడ్డా?"

"ఎవరూ పంపలేదు తాతా. ఆ కాగితం మీద నాకు అనుమానం."

"మాకు నీ మీద ఉన్నది" అంది ముయె. అందరూ నవ్వారు. మీనా నవ్వలేదు.

విత్తే ముందు చేసే భూమి పండుగ కాకుండా నేలలో గునపం దిగదని చెప్పాం. వెళ్లిపోతుందనుకున్నాం. పది రోజులు మా ఊరి లచ్చు ఇంటి అరుగు మీద పడుకుంది. పండుగయ్యాక ఇంటికొక తెల్ల నూలు గుడ్డ ఇచ్చింది.

"జానెడు లోతున పాతండి. మట్టిలో బతికున్నవి ఉంటే గుడ్డను తినేస్తాయి. చచ్చిన మట్టయితే అలాగే ఉంటుంది. సాహెబు ముందు మీరే తవ్వి చూపించండి."

పాతాం. ఆమె జగదల్‌పూర్ వెళ్లిన మూడో నాడు లచ్చు ఉరికొచ్చాడు.

"తెల్ల గుడ్డలురా! గుట్ట మీద గట్లనే గద చేసిండ్రు. మన చేతులతోనే నిషాన్ పెట్టించింది!"

ఇరవై తొమ్మిది చేలల్లో గుడ్డలు పెరికి కాల్చేశాం. ముయె ఒప్పుకోలేదు.

"పండుగ చేసినంక నేలకిచ్చింది గుంజుకుంటమా? కంపెనీ గుడ్డయినా సరే, ముట్టను."

విచారణ నాడు తిరిగొచ్చిన మీనా సంగతి విని గునపం ముయె చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది.

ముయె తవ్వింది. గుడ్డ లేదు. అంచు కుట్టిన నైలాన్ దారాలు నాలుగు చేతికొచ్చాయి.

"చూడు సాబ్, తిన్నది. ఆకలైన నేల చచ్చినట్టా?"

"ఈ ఒక్క చేను వదిలేద్దాం" అన్నాడు సాహెబు. "మిగతావి బంజరే. వాటికి రుజువు, సబూత్ ఏదీ?"

కూలి అన్నలారా, చదువుకునే పిల్లలారా, ఇది దాచను. మా అనుమానం కాంట్రాక్టర్‌కు పనికొచ్చింది. మేం తలలు దించుకున్నాం. ముయె దించలేదు. తన చేను దక్కింది, ఇంటికి పోవచ్చు. పోలేదు. దేవేంద్ర చేల పక్కన తెచ్చి పెట్టిన మట్టి మిషన్ ముందు కూర్చుంది.

"నాదొక్కటి నాకెందుకు? అన్నిట్ల మళ్ల పాతుతం. రెండు నెలలు ఈ మిషన్ కదలొద్దు."

పక్కన లచ్చు కూర్చున్నాడు. తరవాత ఊరంతా.

సాయంత్రానికి పోలీసులు దిగారు. జనాన్ని రెచ్చగొట్టిన బయటి మనిషని మీనాను బండెక్కించుకు పోయారు.

తెల్లారి నేను ఠాణాకు నడిచాను. వెనక ముప్పై ఇళ్లవాళ్లూ వచ్చారు.

"ఆ పిల్లను ఊళ్లోకి ఎవడు రమ్మన్నాడు?" అన్నాడు ఠాణేదారు.

"నేనే రమ్మన్న. రాసుకో."

ఆ మాట రాసి కాగితం నా వైపు తోశాడు. మూడో తరగతిలో నేర్చిన అక్షరాలతో పేరు రాశాను. వెనక వరస గుమ్మం దాటి రోడ్డు దాకా ఉంది. వేలిముద్రల సిరాపెట్టె ముయె ముందుకు జరిపాను.