నక్షత్రానికి దిష్టిచుక్క

నాకున్న భయమల్లా ఒకటే. నూకాలు కూతురి ఎడమకన్ను ఏ డాక్టరూ చూడకముందే పాడైపోతుందేమోనని. గాజుబిళ్లకెందుకు ఆ బెంగ అంటారా, చెబుతాను.

నేను రూపాయి బిళ్లంత ఉంటాను. నలభై రోజులు అరగదీసి, నడిమధ్య ఆవగింజలో సగమంత నల్లచుక్క పెట్టారు. టెలిస్కోపులో నన్ను పెట్టి, దూరపు నక్షత్రం వెలుగుని ఆ చుక్కతో మూసేస్తే పక్కన నక్కిన గ్రహం కనబడుతుందట. "నక్షత్రానికి దిష్టిచుక్క" అని మురిసిపోయేవారు మృత్యుంజయరావుగారు, విశాఖలో ఓ ఇంజనీరింగు కాలేజీ ప్రొఫెసరు. తుమ్మొస్తే గది బయటికి పరుగెత్తి తుమ్మి వచ్చేవారు. నామీద నలుసు పడితే ఆ పూట ఆయనకి అన్నం సయించేది కాదు.

ఆ గది తుడిచేది నూకాలు. ఏడాదిన్నర పిల్ల పైడితల్లిని చంకనేసుకునే వచ్చేది. ఒకరోజు అడిగింది, "సారూ, దీపం ఎదురైతే దీని ఎడమకన్ను పిల్లికన్నులాగ తెల్లగా మెరుస్తాది. ఒకపాలి సూడండి బాబూ."

"నేను చూసేది గ్రహాలనమ్మా," అన్నారాయన తలెత్తకుండానే.

తర్వాత నాకు బహుమతి వచ్చింది. నాకు అంటే ఆయనకి. అందరూ వరసగా నిలబడి ఫొటో దిగారు, నూకాలు బిడ్డతో ఓ చివర. ఫ్లాష్ వెలిగింది. ఫొటోలో పాప ఎడమకంట్లో తెల్లటి మెరుపు. ఆకాశంలో అయితే సంబరపడి ఊరంతా చెప్పుకునేవారే. సారు చిరాకుపడి, శిష్యురాలు హిమజతో "అక్కర్లేని వెలుగు, తీసెయ్. మన పనే అది కదా" అన్నారు. హిమజ కంప్యూటర్లో ఆ కంటికి చక్కగా నల్లచుక్క పెట్టేసింది.

ఒక ఫొటో నూకాలుకీ ఇచ్చారు. అది చూసి ఆ పిచ్చితల్లి గుండెలమీద చెయ్యేసుకుంది. "బాగానే ఉందండి కన్ను. నాకే ఉత్తి భయం. రేపు పెద్దాసుపత్రికెళ్దామనుకున్నాను, మానేత్తాను." సారు కూడా "మంచిదమ్మా" అన్నారు. నూరేళ్లు ప్రయాణం చేసి వచ్చిన వెలుగుని పట్టగల మనిషి, మూరెడు దూరంలోని పిల్ల మొహం చూడలేదు.

ఇప్పుడు నాకంటే నున్నటి బిళ్ల వచ్చింది. నన్ను మూడో అంతస్తు వరండాలో అద్దాలబీరువాలో కూర్చోబెట్టారు. పొద్దున్నే నూకాలు బీరువా తుడుస్తుంటే ఎండపొడ పాప మొహాన పడుతుంది. ఆ తెలుపు కంటిలోపలి జబ్బుదే, మొన్నటికన్నా పెద్దదైంది. చెబుదామంటే నాకు నోరు లేదు.

మీకుంది కదా. అటు వెళ్తే నూకాలుని ఆపండి. ఫొటోలో కన్ను కంప్యూటర్లో దిద్దినదని చెప్పండి. ఇవాళే కంటి డాక్టరు దగ్గరకి పంపండి. వెళ్లిందో లేదో, రెండు రోజులాగి పైడితల్లిని మళ్లీ ఓసారి చూసి రండి.